లెజెండ్స్ ముద్ర వేస్తే కథ ఖతమ్ అయిపోతుందా?

‘కానన్’ అనే మాట మీద స్టార్ వార్స్ అభిమానుల బహస్ వింటుంటే ఒకోసారి నవ్వొస్తుంది, ఒకోసారి గుస్సా వస్తుంది. ఏ కథ అస్లీ, ఏ కథ నక్లీ, ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు... ఇదే ఝగడా. తమాషా ఏమిటంటే ఈ కానన్, మన కచేరీల్లో వినపడే కానూను, రెండూ ఒకే ఇంటి బిడ్డలు. గ్రీకులో కొలబద్దకు వాడిన మాట అరబ్బీలోకి వెళ్లి ఖానూన్ అయింది, ఫార్సీ, ఉర్దూల మీదుగా మన దాకా వచ్చింది. అదే మాట చర్చి దారిన ఇంగ్లీషులో కానన్ అయింది. అందుకే కాబోలు ఈ ఫ్యాన్లు నోరు తెరిస్తే వకీళ్లు గుర్తొస్తారు!

ఈ దాస్తాన్ తెలియని దోస్తుల కోసం ముఖ్తసరుగా చెప్తాను. 1977లో మొదటి సినిమా, 1983లో మూడోది. కథ ఖతమ్ అనుకున్నారు. 1991లో తిమోతీ జాన్ ‘హెయిర్ టు ది ఎంపైర్’ అనే నవల రాశాడు. సినిమా ఆగిన చోటి నుంచి కథ మళ్లీ నడిచింది. ఇక నవలలు, కామిక్కులు, గేములు వరసపెట్టి వచ్చాయి. హాన్, లియాలకు జైనా, జేసెన్ అనే కవలలు, ఆ తర్వాత ఇంకో కొడుకు పుట్టారు. ల్యూక్‌కు మారా జేడ్‌తో నికా కూడా అయింది, దాని మీద ఏకంగా ఒక కామిక్ వచ్చింది. 1999లో ‘వెక్టర్ ప్రైమ్’ అనే నవలలో చ్యూబాకాను చంపేశారు, అదీ ఆకాశం నుంచి ఒక చందమామను కూల్చి మరీ. నిజంగా ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడ్డ పాఠకులున్నారు.

2012లో డిస్నీ 400 కోట్ల డాలర్లకు పైగా పోసి లూకాస్‌ఫిల్మ్‌ను కొన్నది. 2014 ఏప్రిల్ 25న ఒక ఎలాన్ వచ్చింది. ఇకపై సినిమాలు, ‘క్లోన్ వార్స్’ సీరియల్, కొత్తగా రాబోయేవి మాత్రమే కానన్, పాత పుస్తకాలన్నీ ‘లెజెండ్స్’ అని. ఒక్క కాగితంతో జైనా, జేసెన్ పుట్టనే లేదు. మారా జేడ్ లేనే లేదు. చచ్చిపోయిన చ్యూబాకా బతికొచ్చాడు, అతనికి ముబారక్!

ఇన్సాఫ్‌గా మాట్లాడుకుందాం. కొత్త సినిమా తీసేవాడు ఇరవై ఏళ్ల నవలలన్నీ చదివి, వాటికి తలవంచి నడవాలంటే అయ్యే పని కాదు. టికెట్ కొన్నవాళ్లలో ఆ పుస్తకాలు చదివినవాళ్లు ఎంతమంది? జార్జ్ లూకాస్ కూడా ఆ నవలల్ని ఎప్పుడూ లిహాజు చెయ్యలేదు, తన లోకం వేరు, వాటి లోకం వేరు అనే అన్నాడు. కాబట్టి ముందు తీయబోయేదానికి బంధం లేకుండా చూసుకునే హక్కు కంపెనీకి ఉంది. నేను ఒప్పుకుంటాను.

నా ఏతరాజ్ వేరే చోట ఉంది. లెజెండ్స్ అని ముద్ర వేసిన ఆ పుస్తకాలే ఆ పట్టీతో మళ్లీ అచ్చవుతున్నాయి, అమ్ముడవుతున్నాయి. కథ లెక్కలోకి రానిది గల్లా లెక్కలోకి మాత్రం వస్తున్నది. మరి రాసినవాడి సంగతి? అలన్ డీన్ ఫాస్టర్ అనే పెద్దమనిషి ఉన్నాడు. 1976 చివర్లో లూకాస్ పేరుతో వచ్చిన మొదటి సినిమా నవల అసలు రాసింది ఈయనే. 1978లో ‘స్ప్లింటర్ ఆఫ్ ది మైండ్స్ ఐ’ రాసి, సినిమాల బయట స్టార్ వార్స్ కథను ముందుకు నడిపిన మొదటి నవల ఇచ్చిందీ ఈయనే. (అందులో ల్యూక్, లియాల మధ్య కొంచెం ఇష్క్ వాసన ఉంటుంది. వాళ్లు అన్నాచెల్లెళ్లని అప్పటికి ఎవరికి తెలుసు పాపం!) కంపెనీ చేతులు మారాక తనకు రాయల్టీ ఆగిపోయిందని 2020 నవంబరులో ఈ ముసలాయన బజారుకెక్కాల్సి వచ్చింది. కొన్నది హక్కుల్ని మాత్రమే, బాకీల్ని కాదన్నది కంపెనీ వాదనట, అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం చెప్పింది. సంఘం వెనక నిలబడి లొల్లి చేశాక ఆయన పేచీ తీరింది. ఏ గ్రహం ఏ పుస్తకంలో తప్పు పడిందో గంటలకొద్దీ కొట్లాడే అభిమానుల్లో ఎంతమంది ఈ ముద్దా ఎత్తారు?

మా మామూ ఇబ్నె సఫీకి దీవానా. సఫీ 1960లో జబ్బుపడి మూడేళ్లు రాయలేకపోయారు, 1963లో ‘డేఢ్ మత్‌వాలే’తో తిరిగొచ్చారు. ఆ ఖాళీలో, ఆయన 1980లో ఇంతెకాల్ అయ్యాక కూడా, ఇమ్రాన్‌ను పెట్టి ఎందరో రాశారు. మజ్హర్ కలీమ్ ఇమ్రాన్ నవలలైతే మామూ ఇంట్లో కుప్పలుగా ఉండేవి. అవీ చదివేవాడు, మజా చేసేవాడు, కానీ వేరే అరలో పెట్టేవాడు. “యే భీ ఠీక్ హై, మగర్ సఫీ నహీఁ” అనేవాడు, అంతే. ఆ అరల్ని సర్దింది ఏ కంపెనీ కాదు, మామూ చెవి. కలం ఎవరిదో రెండు పేజీల్లో పట్టేసేవాడు. కలీమ్ చదివేవాడు తెలివితక్కువవాడని ఎన్నడూ అనలేదు.

స్టార్ వార్స్ జనంలో ఆ నరమ్ లేదు. ఒకడు “అవన్నీ జరగలేదు కదా, ఎందుకు చదువుతావ్?” అంటాడు. ఇంకొకడు కొత్త సినిమా నచ్చిందన్న పిల్లను పట్టుకుని “అస్లీ కథ నీకేం తెలుసు?” అని ఇమ్తెహాన్ పెడతాడు. ఏదీ జరగలేదు భాయ్! లూకాస్ చెప్పిందీ జరగలేదు, జాన్ రాసిందీ జరగలేదు. జైనాతో పాటు పెరిగిన పదేళ్ల పిల్లకు ఆమె ఎంత నిజమో, రేతో పెరిగిన పిల్లకు రే అంతే నిజం. ఆ జ్ఞాపకాన్ని రద్దు చెయ్యడానికి ఏ ఎలానూ సరిపోదు, ఎవరి ఇజాజతూ అక్కర్లేదు.

కంపెనీకీ ఈ సంగతి తెలుసు. జాన్ నవలలోని విలన్ థ్రాన్‌ను లెజెండ్స్ గోదాములో పడేసినవాళ్లే 2016లో ‘రెబెల్స్’ సీరియల్‌లోకి, 2023లో ‘అసోకా’లోకి సలాం కొట్టి మరీ పిలుచుకొచ్చారు. పనికొచ్చినప్పుడు నక్లీ కూడా అస్లీ అవుతుందన్నమాట. అదే నవలలో పుట్టిన మారా జేడ్ మాత్రం ఇంకా దర్వాజా బయటే నిలబడి ఉంది. ఆమె పెళ్లి కామిక్ మీ ఇంట్లో ఉంటే చెదలు పట్టకుండా చూసుకోండి.