వృత్తి నిర్ణయము ఎవరిది?

పదవ తరగతి ఫలితములు వెలువడిన నాటినుండి ప్రతి యింటను ఒకే ప్రశ్న: ఎం.పి.సి.యా, బై.పి.సి.యా, పాలిటెక్నిక్కా? పదునారేండ్ల బిడ్డ ముందు ఈ ప్రశ్న నుంచి, నిర్ణయము వానిదే యని భావించుట పరిపాటి. నిజమునకు దానిలో పెద్ద భాగము అనేక సంవత్సరములకు పూర్వమే ఇంట జరిగిపోయి యుండును.

దేవనకొండ ప్రాంతమునే చూడుడు. ఇచట సేద్యము ప్రధానముగ వర్షాధారము. పంట పోయిన యేడు అనేక కుటుంబములు సుగ్గికి బయలుదేరి గుంటూరు మిరపచేలలో కాయ కోయుదురు. వెంట పోయిన పిల్లలకు బడి తప్పును; అవ్వతాతల కడ నిలిచినవారికి తలిదండ్రుల తోడు తప్పును. ఇట్టి యింట చదువనగా మొదట నెలజీతము. తన కష్టము బిడ్డకు రారాదను భయమే తండ్రిచేత గ్రూపును ఎన్నించుచున్నది. ఆ భయము న్యాయమైనదే. కాని అది బిడ్డ శక్తి యెట్టిదో విచారింపదు.

కులవృత్తి సంగతియు ఇంతియే. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘముతో ఎమ్మిగనూరు మగ్గమునకు పేరు వచ్చినది. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించినది. వృత్తి నిలుచుటకు వారసత్వ మొక్కటే చాలదు. గిట్టుబాటును, మర్యాదయు ఉండవలెను. అవి తరిగినపుడు మగ్గము ముందు కూర్చుండిన తండ్రియే కొడుకును దానినుండి తప్పింప జూచును.

పిల్లలు వృత్తులను ఎన్నుకొనుటకు ముందు త్రోసివేయుదురని మనస్తత్త్వవేత్త లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ 1981లో ప్రతిపాదించెను. ఆరు మొదలు ఎనిమిదేండ్లలో ‘ఇది ఆడవారి పని, అది మగవారి పని’ అనియు, తొమ్మిది మొదలు పదమూడేండ్లలో ‘ఇది మావంటివారికి అందదు’ అనియు కొన్నిటిని విడిచెదరు. తన అభిరుచి యేదో యోచించుట అటుపిమ్మటనే. కర్నూలు జిల్లాలోని విత్తనపు ప్రత్తిచేలలో పూలకు పుప్పొడి అద్దుటకు బడి మాన్పించి పంపబడిన బాలిక తన భవిష్యత్తును గూర్చి ఏమి నేర్చుకొనునో వేరుగ చెప్పనక్కరలేదు.

కావున ఫలితముల నాటి సలహా ఆలస్యమైన సలహా. మార్గదర్శనము ప్రాథమిక పాఠశాల తొలి తరగతినుండియే ఆరంభము కావలెనని 1964-66 నాటి కొఠారి కమిషన్ చెప్పినది. ఇందులకు పెద్ద వ్యయము అక్కరలేదు. ఐదు మొదలు ఎనిమిదవ తరగతి వరకు పిల్లల యెదుటికి నర్సును, సర్వేయరును, పశువైద్యుని, ఆదోని జిన్నింగు మిల్లు మెకానిక్కును పిలిపించి, వారెట్లు చదివిరో, ఎంత వ్యయమైనదో చెప్పింపవచ్చును. ఆ సభకు తలిదండ్రులను గూడ పిలువవలెను; సుగ్గికి పోకమునుపే పిలువవలెను. తలుపులు మూసికొనకముందే వాటిని చూపుట ఉపాధ్యాయుని పని. పిమ్మట ఏ తలుపు తట్టినను ఆ నిర్ణయము బిడ్డదే యగును.