మోటరు కాలింది.. తప్పు లైనుదా, మన తీగదా? స్టార్టర్ డబ్బా మీది రెండు అంకెలతో తేల్చుకోండిలా

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ అమల్లోకి వచ్చింది. బిల్లు లేదు. కానీ బోరు మోటరు కాలితే రీవైండింగ్ ఖర్చు మాత్రం రైతు జేబులోంచే. నీళ్లు ఆగిన రోజుల్లో ఎండిన మడి నష్టం అదనం.

కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజన్‌లోని పెద్ద కొడప్‌గల్, 2016లో పిట్లం నుంచి విడిపోయి మండలమైంది. ఇలాంటి చోట యాసంగిలో బోర్లన్నీ ఒకేసారి నడిస్తే మొదట వినిపించే మాట ‘లో వోల్టేజీ’. దానికి కారణం లైనా, ట్రాన్స్‌ఫార్మరా, మన సొంత తీగా? ఇది తేలితేనే ఎవరిని అడగాలో, ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలుస్తుంది. స్టార్టర్ డబ్బా మీద ఉండే వోల్టు మీటరు, ఆంపియర్ మీటరు అందుకు సరిపోతాయి.

ముందు చిన్న లెక్క

మనం వాడుకలో మొత్తం విద్యుత్తునే కరెంటు అంటాం. లెక్కలో మాత్రం కరెంటు అంటే తీగలో పారే ఆంపియర్లు. వోల్టేజీ అంటే దాన్ని తోసే ఒత్తిడి. తీగ అడ్డుపడే గుణం నిరోధం, దీన్ని ఓమ్‌లలో కొలుస్తారు.

వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం. రెండింటినీ గుణిస్తే పవర్, అంటే వాట్లు.

ఇంట్లో 1,000 వాట్ల నీళ్ల హీటరు 230 వోల్టుల దగ్గర 4.35 ఆంపియర్లు తీసుకుంటుంది. నిరోధం సుమారు 53 ఓమ్‌లు. వోల్టేజీ 180కి పడితే ఆంపియర్లు 3.4కి, పవర్ 610 వాట్ల దగ్గరికి తగ్గుతాయి. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి. అంతే, హీటరుకు నష్టం లేదు.

మోటరు సంగతి వేరు

మోటరు మీద నీటి బరువు ఉంటుంది. వోల్టేజీ తగ్గినా ఆ పని చేయాల్సిందే కాబట్టి ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది.

త్రీ ఫేజు మోటరుకు వోల్టులు, ఆంపియర్ల లబ్ధాన్ని మళ్లీ 1.47తో గుణించాలి. త్రీ ఫేజు లెక్క 1.73ని, మామూలుగా ఉండే పవర్ ఫ్యాక్టర్ 0.85తో గుణిస్తే వచ్చేది ఇదే. 5 హెచ్‌పీ మోటరు 415 వోల్టుల దగ్గర సుమారు 7.6 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే దాదాపు 4,640 వాట్లు. వోల్టేజీ 350కి పడితే అదే పనికి 9 ఆంపియర్లు కావాలి.

వైండింగ్‌లో వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 7.6 నుంచి 9కి చేరితే వేడి 40 శాతం ఎక్కువ. గంటల తరబడి ఇలాగే నడిస్తే ఇన్సులేషన్ మాడుతుంది. మోటరు కాలడమంటే ఇదే.

తప్పు ఎక్కడుందో ఇలా చూడండి

మొదటి పరీక్ష: చుట్టుపక్కల బోర్లు నడుస్తున్నప్పుడు మీ మోటరు ఆపి వోల్టేజీ చూడండి. లో టెన్షన్ సరఫరాలో 6 శాతం వరకే హెచ్చుతగ్గులు ఉండాలి. 415 మీద లెక్కేస్తే 390కి తగ్గకూడదు. మీ మోటరు ఆగి ఉన్నా 360 చూపిస్తుంటే లోపం మీ తీగలో లేదు, లైనులోనో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో ఉంది.

రెండో పరీక్ష: ఆ వెంటనే మోటరు వేసి, రెండు నిమిషాలు ఆగి చూడండి. ఆపినప్పుడు 410 ఉన్నది నడిచేటప్పుడు 384కి దిగి, మీటరు 8 ఆంపియర్లు చూపిస్తోందనుకుందాం. 26 వోల్టులు దారిలోనే పోయాయి. 26ను 1.47తో, తర్వాత 8తో భాగిస్తే ఒక్కో తీగ నిరోధం 2.2 ఓమ్‌లు. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ 300 మీటర్లు లాగితే వచ్చేది దాదాపు ఇంతే. మూడు తీగల్లో కలిపి 420 వాట్లకు పైగా వేడిగా పోతోంది. అదే దూరానికి 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే తగ్గుదల 11 వోల్టులకు దిగుతుంది.

తీగ పొట్టిదే అయినా వోల్టేజీ ఇలాగే పడుతుంటే వదులు జాయింట్లను అనుమానించాలి. జాయింటు చూడటం, తీగ మార్చడం లైన్‌మన్‌తోనే చేయించండి. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ జోలికి మీరు వెళ్లొద్దు.

ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువెంత?

పై లెక్క ప్రకారం ఒక 5 హెచ్‌పీ మోటరుకు సుమారు 5.5 కేవీఏ కావాలి. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ అలాంటివి నాలుగింటిని మోస్తుంది, ఐదోది ఎక్కువే. 3 హెచ్‌పీ అని రాయించుకుని 5 హెచ్‌పీ నడిపితే కాగితం మీద అంతా బాగానే కనిపిస్తుంది. అందుకే అదనపు లోడును క్రమబద్ధం చేయించుకోవాలి. అప్పుడే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అడగడానికి ఆధారం ఉంటుంది.

5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే లైను నుంచి లాగే కరెంటు దాదాపు ఒక ఆంపియర్ తగ్గుతుంది. నలుగురూ పెడితేనే లైనుకు ఆ లాభం కనిపిస్తుంది.

ఫిర్యాదు ఎక్కడ?

ఈ ప్రాంతం ఎన్‌పీడీసీఎల్ పరిధిలోకి వస్తుంది. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ‘వోల్టేజీ తక్కువగా ఉంది’ అని ఊరుకోకుండా తేదీ, సమయం, మోటరు ఆపినప్పుడు ఎన్ని వోల్టులు, నడిచేటప్పుడు ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అన్నది రాసి ఏఈకి ఇవ్వండి. మూడు నాలుగు రోజుల అంకెలుంటే ఇంకా మంచిది. పరిష్కారం కాకపోతే 2003 విద్యుత్ చట్టం ప్రకారం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆపై విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. అక్కడ నోటి మాట కన్నా ఈ అంకెలే మీకు అక్కరకొస్తాయి.