పసివాళ్ల చోటు చెప్పుల దగ్గర కాదు

తల్లిదండ్రులు తమ పిల్లల్ని యేసుప్రభువు దగ్గరికి మోసుకొచ్చిన రోజున వారికి ముందుగా ఎదురైంది శిష్యుల గద్దింపు. మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ ఈ సంగతి రాశారు. లూకా అయితే వాళ్లు తెచ్చింది చంటిబిడ్డలనే అర్థం వచ్చే మాటే వాడాడు (లూకా 18:15). అంటే ఏడ్చేవాళ్లు, చంకలో నిలవనివాళ్లు, చేతికందిన గడ్డం పట్టుకుని లాగేవాళ్లు అన్నమాట. పాపం, శిష్యులు చెడ్డవాళ్లేమీ కారు. ప్రభువు అలసిపోయాడనో, బోధకు భంగం కలుగుతుందనో అనుకుని ఉంటారు. కానీ ప్రభువు అది చూసి కోపపడ్డాడని మార్కు స్పష్టంగా రాశాడు (మార్కు 10:14). ఆ కోపం పరిసయ్యుల మీద కాదు, సొంత శిష్యుల మీద! ఆ తర్వాత ఆయన బిడ్డల్ని ఎత్తుకుని, వాళ్ల మీద చేతులుంచి దీవించాడు.

ఈ వాక్యభాగం మీద ప్రసంగం విననివాళ్లు మన సంఘాల్లో ఉండరు. కానీ ఆ ప్రసంగం జరుగుతున్నంతసేపూ చంటిబిడ్డ తల్లి ఎక్కడుంటోంది? చాలాచోట్ల బయట వరండాలో, చెప్పుల వరస పక్కన! ఈ వారం మనం ఆలోచించవలసిన సంగతి ఇదే.

మా ఇంట్లో రెండున్నరేళ్లవాడు ఒకడున్నాడు. గోదావరి కాలవ గట్టున ఇల్లు. వాడికి వచ్చిన మాటలు తక్కువే గానీ వాటితోనే ఇల్లంతా ఏలుతున్నాడు. అందులో మొదటిది 'వద్దు'. రెండోది 'నేనే'. ముద్దపప్పు, నెయ్యి కలిపిన అన్నం నాలుగు ముద్దలు తినిపించడానికి ముప్పావు గంట పడుతుంది. మొదటి ముద్ద కాకమ్మకి, రెండోది చందమామకి, మూడోది చొక్కాకి, నాలుగోది వాడి నోట్లోకి! కూడలిలో గుర్రమెక్కి ఉన్న కాటన్ దొర విగ్రహం కనబడితే చాలు, 'గుర్రం తాతా' అని కేకేసి చెయ్యి ఊపాల్సిందే. తాత తిరిగి చెయ్యి ఊపలేదని ఒకరోజు ఇంటికొచ్చేదాకా ఏడ్చాడు.

కుటుంబ ప్రార్థనలో వాడి పాత్ర ఇంకా పెద్దది. బైబిలు పేజీలు తిప్పడం వాడి హక్కు. మా బైబిల్లో లేవీయకాండం రెండు చోట్ల చిరిగి, టేపు అతికించుకుని ఉంది. నిజం చెప్పాలంటే మా ఇంట్లో లేవీయకాండం తరచుగా తెరిచేది వాడే. కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే వేలితో మా రెప్పలు పైకెత్తి, లోపల మేమున్నామో లేదో చూసుకుంటాడు. ప్రార్థన కాస్త పొడుగైతే మధ్యలోనే 'ఆమెన్' అని గట్టిగా ముగింపు పలుకుతాడు.

ఇంట్లో ఇదంతా ముద్దుగానే ఉంటుంది. ఆదివారం ఆరాధనకు వచ్చేసరికి అదే పిల్లాడు, అదే అల్లరి, కానీ మా గుండె దడ వేరు. కానుక సంచి ముందుకు రాగానే చేతిలో పెట్టిన రూపాయి బిళ్ల అందులో వేస్తాడు. వెంటనే దాన్ని వెతుక్కోవడానికి మోచేతి దాకా చెయ్యి దూరుస్తాడు. ప్రభురాత్రి భోజనం వేళ రొట్టె చూసి 'నాకూ అప్పచ్చి' అంటాడు. వరండాలోకి తీసుకెళితే చెప్పుల జతలన్నీ కలిపేస్తాడు. ఒకసారి ప్రసంగం మంచి ఊపులో ఉండగా, మీరు ప్రభువును ప్రేమిస్తున్నారా అని అయ్యగారు సంఘాన్ని అడిగారు. అందరూ తలలు వంచుకుని మౌనంగా ఉన్నారు. పాలు పోసే ఆయన దగ్గర నేర్చుకున్న మాటతో మావాడొక్కడే జవాబిచ్చాడు: 'ఆయ్!' అయ్యగారు కూడా నవ్వేశారు. ఆ రోజు ఆ ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పింది వాడొక్కడే మరి!

అందరు అయ్యగార్లూ అలా నవ్వరు. ప్రసంగం ఆపి మైకులోనే, ఆ పిల్లాణ్ని బయటికి తీసుకెళ్లండమ్మా అనే సంఘాలున్నాయి. ముందు వరస పెద్దలు వెనక్కి తిరిగి చూసే చూపు ఒక్కటి చాలు, పడుచు తల్లి బిడ్డను చంకనెత్తుకుని గబగబా నడిచిపోతుంది. మన డెల్టా సంఘాల్లో మగవాళ్లొక పక్క, ఆడవాళ్లొక పక్క కూర్చునే అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది. పిల్లాడు ఎప్పుడూ తల్లి పక్కనే. తండ్రి ఫ్యాను కింద కూర్చుని వాక్యం నోట్సు రాసుకుంటుంటాడు, తల్లి ఎండలో గేటు దగ్గర కాపలా కాస్తుంటుంది. మన ప్రార్థనాలయాలు చాలా వాటికి ఎదురుగానే పంటకాలవ. ఒక్క క్షణం కన్ను మరల్చడానికి లేదు.

ఒక్కసారి లెక్క వేయండి. సంవత్సరానికి 52 ఆదివారాలు. బిడ్డ పుట్టింది మొదలు కుదురుగా కూర్చోవడం నేర్చేసరికి తక్కువలో తక్కువ మూడేళ్లు. అంటే ఆ తల్లి 150కి పైగా ఆదివారాలు వాక్యాన్ని సగం సగం విన్నట్టు, లేదా అసలు విననట్టు. రెండో బిడ్డ పుడితే లెక్క రెట్టింపు. మనిషికి దేవుని వాక్యం అత్యంత అవసరమైన కాలం అది. నిద్రలేని రాత్రులు, అత్తింటి మాటలు, అప్పుల చింత, తనెందుకూ పనికిరానేమోనన్న దిగులు, అన్నీ ఆ వయసులోనే మీద పడతాయి. సరిగ్గా అప్పుడే మనం ఆమెను చెప్పుల దగ్గర నిలబెడుతున్నాం. కొన్నాళ్లకు ఆమె, ఎలాగూ వినేది లేదు కదా, ఇంట్లోనే ఉంటానంటుంది. తర్వాత కొన్నేళ్లకు, పిల్లలు సంఘానికి రావడం లేదేమిటని మనమే ఆశ్చర్యపోతాం. రావద్దని రెండేళ్ల వయసులో నేర్పించింది మనమే కదా!

బైబిలు ఈ విషయంలో మనకన్నా ఎంతో ధారాళంగా ఉంది. దేశమంతా ఉపవాసముండి దేవుని ఎదుట ఏడవవలసిన గంభీరమైన వేళ, వృద్ధులతో పాటు చిన్నపిల్లల్ని, పాలు తాగే బిడ్డల్ని కూడా సమకూర్చమని యోవేలు ప్రవక్త పిలిచాడు (యోవేలు 2:16). ఉపవాస కూటానికి పాలు తాగే బిడ్డలేమిటి అని మనమైతే అడుగుతాం. దేవుడు అడగలేదు. యెరూషలేము దేవాలయంలో పిల్లలు కేకలు వేస్తుంటే ప్రధాన యాజకులకు మండిపోయింది. పసివాళ్ల నోట స్తుతిని సిద్ధం చేసేది దేవుడేనని ప్రభువు వారికి కీర్తన గుర్తుచేశాడు (మత్తయి 21:15, 16). ఇంకో సంగతి. అపొస్తలుల కార్యాల్లో పౌలు ప్రసంగం మధ్యలో పెద్ద కలకలం రేపింది పసివాడు కాదు. కిటికీలో కూర్చుని కునుకుతీసి, మూడో అంతస్తు నుంచి కింద పడ్డ యువకుడు (అపొ. కా. 20:9). ఆ లెక్కన మెలకువగా ఉండి మాట్లాడే పిల్లాడే నయం!

సరే, ఇతరులు వాక్యం వినవద్దా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. చెవులు సరిగా వినబడని వృద్ధులున్నారు. వారమంతా కష్టపడి, ఒక్క మాట కోసం వచ్చినవాళ్లున్నారు. ఆగకుండా ఏడ్చే బిడ్డను కాసేపు బయటికి తీసుకెళ్లాల్సిందే. దాన్ని మేము కాదనడం లేదు. పిల్లల్ని పీఠం మీదికి పరుగెత్తనివ్వమనీ అనడం లేదు. కానీ బయటికి వెళ్లిన తల్లి మళ్లీ లోపలికి రాగలగాలి. ఆమె వచ్చి కూర్చోవడానికి ఒక చోటు, ఒక చిరునవ్వు ఉండాలి.

గోదావరి బిడ్డలకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట నదిని ఆపేయలేదు. నీటి మట్టాన్ని ఎత్తి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలవల్లోకి మళ్లించింది. మిగిలిన నీటిని సముద్రానికి వదిలింది. అంతకుముందు ఒక ఏడు వరద, ఒక ఏడు కరువుతో అల్లాడిన ఈ నేల అన్నపూర్ణ అయింది. రెండేళ్లవాడి ఉత్సాహం కూడా ఏటి నీరు లాంటిదే. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. మళ్లించడం మాత్రం నేర్చుకోవచ్చు.

ఈ మధ్య సులువైన దారి ఒకటి కనిపెట్టారు. పిల్లాడు కదలగానే చేతిలో సెల్‌ఫోను పెట్టడం. గుడి నిశ్శబ్దంగా ఉంటుంది, పెద్దలు సంతోషిస్తారు. అయితే ఏడాది వయసు పిల్లలకు తెర చూపించడమే మంచిది కాదనీ, రెండేళ్లవాళ్లకు రోజు మొత్తం మీద గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. వైద్యం సంగతి అటుంచినా, ఆరాధన అంటే తలవంచుకుని ఫోను చూసుకునే సమయమని పసితనంలోనే నేర్పితే, పదిహేనేళ్లకు వాడు వెనక బల్లలో కూర్చుని అదే పని చేస్తే తిట్టే హక్కు మనకెక్కడిది? అల్లరి చేసే పిల్లాడు కనీసం సంఘాన్ని చూస్తున్నాడు. పాటకు చప్పట్లు కొడుతున్నాడు. అందరూ మోకరిస్తే తనూ మోకరిస్తున్నాడు. అర్థం తర్వాత తెలుస్తుంది. అలవాటు ఇప్పుడే అబ్బుతుంది.

మరి సండే స్కూలు ఉంది కదా అంటారు. ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ 1780లో ఆదివారపు బడి పెట్టినప్పటి నుంచి అది లక్షల మంది పిల్లలకు మేలు చేసింది. అయితే అది ఎదిగిన పిల్లల బడి. రెండేళ్లవాడు బల్ల మీద కుదురుగా కూర్చోలేడు, సండే స్కూలుకు వయసు చాలదు. రెంటికీ చెందని ఈ చిన్నవాణ్ని సంఘం తన ఒడిలోనే పెంచుకోవాలి. 1836లో ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చి నరసాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేసిన బౌడెన్, బీర్ దంపతులు బిడ్డల్ని ఈ నేల మీదే పెంచారు. వారి తర్వాత వారి సంతానం ఇక్కడే సేవ కొనసాగించింది. సేవ ఒక తరం నుంచి మరో తరానికి అందిందంటే, పిల్లలు దాన్ని పెద్దల పక్కనే ఉండి చూశారు గనుకనే.

చేయవలసినవి కష్టమైన పనులేమీ కావు. ఖర్చు అంతకన్నా లేదు. వెనక వైపు, ఫ్యాను గాలి తగిలేచోట ఒక చాప పరిచి, అది పసిపిల్లల తల్లులదని ప్రకటిస్తే చాలు. ఆరాధన జరిగే వేళ కాలవ వైపు గేటు మూసి, ఒక యువకుణ్ని అక్కడ ఉంచితే చాలు. ప్రతి సంఘంలోనూ పిల్లల్ని ఎత్తుకోవడానికి చేతులు చాచే మామ్మలు ఉంటారు. పమిట కొంగున ఒక పిప్పరమెంటు దాచుకుని వచ్చే మామ్మగారు చేసేదీ పరిచర్యే. ఆమె ఒడిలో పిల్లాడు అరగంట కూర్చుంటే తల్లి అరగంట వాక్యం వింటుంది. సంఘకాపరులు పసివాడి కేక విని ఒక్కసారి చిరునవ్వు నవ్వితే, వెనక్కి తిరిగిన తలలన్నీ వాటంతటవే ముందుకు తిరుగుతాయి.

ఇక తండ్రుల సంగతి. మేము ఇంట్లో వంతులు పెట్టుకున్నాం. ఒక ఆదివారం అమ్మ, ఒక ఆదివారం నాన్న. నాన్న పిల్లాణ్ని ఎత్తుకుని వరండాలో తిరుగుతుంటే, ఎంత ఓపికండీ బాబూ అని మెచ్చుకుంటారు. అమ్మ అదే పని చేస్తుంటే, పిల్లాణ్ని అదుపులో పెట్టుకోవడం రాదా అంటారు! పని ఒక్కటే, పిల్లాడు ఒక్కడే. తీర్పులే రెండు. ఎఫ్రాయిముకు చెయ్యి పట్టుకుని నడక నేర్పింది తానేనని హోషేయ గ్రంథంలో దేవుడు చెప్పుకున్నాడు (హోషేయ 11:3). పసివాడి వెనకాల వంగి నడవడం సర్వశక్తిమంతుడికి చిన్నతనం కానప్పుడు మగవాళ్లకు ఎందుకు కావాలి?

బాప్తిస్మమప్పుడో, ప్రతిష్ఠ ప్రార్థనప్పుడో బిడ్డను అందరి ముందుకు తెస్తాం. ఆ బిడ్డ ప్రభువు మార్గంలో పెరగాలని సంఘమంతా ఆమెన్ చెబుతుంది. ఆ ఆమెన్‌కు అర్థం ఫొటోలతో ముగిసిపోదు. ఆ బిడ్డ అల్లరిని కూడా ఓర్చుకుంటామన్న మాట అందులో ఉంది.

హన్నా తన కొడుకు సమూయేలును పాలు విడిచిన వెంటనే షిలోహు మందిరానికి తెచ్చింది. వాడు ఇంకా పసివాడేనని వాక్యం చెబుతోంది (1 సమూయేలు 1:24). రెండున్నరేళ్లవాడు ఇంట్లో ఉన్నవాళ్లు ఆ మాట దగ్గర ఆగిపోతారు. ఒక పక్క వయసు మీదపడుతున్న ఏలీ. ఇంకో పక్క దీపాలు, పాత్రలు, కొత్తగా పరుగులు నేర్చిన పసివాడు! ఎన్ని పాత్రలు దొర్లాయో, ఆ ముసలాయన ఎన్నిసార్లు వాడి వెనక పరుగెత్తాడో రాయలేదు. రాసింది ఒక్కటే. దేవుని మందసమున్న చోటనే ఆ బాలుడు పండుకునేవాడు. అందుకే ఒక రాత్రి దేవుడు పిలిచినప్పుడు వినబడేంత దగ్గరలో ఉన్నాడు. ఏటేటా తల్లి వాడికి ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చేది. ప్రతి ఏడూ అది కిందటి ఏటికన్నా కాస్త పెద్దది. పసితనం అంత త్వరగా దాటిపోతుంది. మన సంఘంలో ఈ ఆదివారం కేకలు వేసే పసివాడు కూడా ఎన్నాళ్లో అలా ఉండడు. ఉన్నన్నాళ్లూ వాణ్ని, వాడి తల్లిని దేవుని స్వరం వినబడేంత దగ్గరలో కూర్చోనిద్దాం.