ఇంగ్లీషు క్రిస్మస్ కావాలా? కోఠీకి పోదాం

డిసెంబర్ వస్తే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు పార్టీలు. ఒకళ్లు ఫలక్‌నుమాలో హై టీ, ప్లమ్ కేక్ అంటూ ఫొటోలు పెడతారు. ఇంకొకళ్లు "తెల్లోడు పోయినా బానిస బుద్ధి పోలేదు" అని క్లాసు పీకుతారు. చర్చిలో తెలుగు పాటలతో తరతరాలుగా క్రిస్మస్ చేసుకుంటున్నవాళ్ల జోలికి నేను పోవట్లేదు. నా గొడవంతా కేకు, టీ, పాత బంగళా, సెల్ఫీ అనే ఇంగ్లీషు సరదాతోనే.

సరదా తప్పు కాదు. ఇల్లే తప్పు. ఫలక్‌నుమా ఇంగ్లీషోళ్లది కాదు, వికారుల్ ఉమ్రా కట్టించుకున్నది. 2010 నుంచి హోటల్. అసలైన ఇంగ్లీషు బంగళా కావాలంటే మియాపూర్‌లో మెట్రో ఎక్కి, ఎక్కడా మారకుండా ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగండి. కోఠీ రెసిడెన్సీ అక్కణ్నుంచి నడిచి వెళ్లేంత దూరమే. మెట్లకి రెండు పక్కలా సింహాలు, పైన ఇంత లావు స్తంభాలు.

దాన్ని కట్టించిన కంపెనీ రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్ హైదరాబాదీ దుస్తులేసుకుని, ఖైరున్నీసాని పెళ్లాడాడు. వాళ్ల పిల్లలకి ఇంట్లో పేర్లు సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం. 1805లో అయిదేళ్లు కూడా నిండని ఆ ఇద్దర్నీ చదువుకని ఇంగ్లండ్ ఓడెక్కించారు. అక్కడ వాళ్లు విలియం, కేథరీన్ అయ్యారు. అదే ఏడాది తండ్రి కలకత్తాలో పోయాడు. తల్లి 1813లో చనిపోయేదాకా పిల్లల్ని మళ్లీ చూడనేలేదు. ఓడెక్కేముందు మద్రాసులో చిన్నరీ అనే చిత్రకారుడు వాళ్ల బొమ్మ గీశాడు. అందులో ఇద్దరూ హైదరాబాదీ బట్టల్లోనే ఉంటారు. నెట్‌లో వెతికి చూడండి, ఆ పాప మొహం చూశాక కేకు అంత తేలిగ్గా దిగదు.

బడిలో తెలుగు మాట్లాడితే ఫైన్ కట్టిన బ్యాచ్ మనది. 'జింగిల్ బెల్స్' నిద్దట్లోనైనా పాడతాం, సాహెబ్ బేగం పేరు మాత్రం ఏ పాఠంలోనూ వినలేదు. అందుకే ఈ కథ మనకి కాస్త గట్టిగా తగులుతుంది.

1949 నుంచి ఆ ఆవరణలో ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరున్న మహిళా విశ్వవిద్యాలయం. (రెసిడెంటు దొర వింటే ఏమనుకునేవాడో!) కాబట్టి వాళ్లే ఆతిథ్యమిచ్చేవాళ్లు, మనం అతిథులం. ఈ డిసెంబర్లో ఒక సాయంత్రం వాళ్లు ఒప్పుకుంటే ఆ మెట్ల మీద కూర్చుందాం. ప్లమ్ కేకూ ఉండాలి, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లూ ఉండాలి. పాటలు అయ్యాక ఆ తల్లీపిల్లల కథ ఎవరో ఒకరు గట్టిగా చదవాలి. పర్మిషన్ లెటర్ డ్రాఫ్ట్ నేను రాస్తా. తెలుగులోనే రాస్తా, ఒత్తులు ఎవరైనా దిద్దిపెట్టండి.