ఎర్రసిరా

మా మేనల్లుడు కంప్యూటర్ల ఉద్యోగస్తుడు. మొన్న సెలవులకు వచ్చి, అర్ధరాత్రి దాకా తెరమీద ఏదో చదువుతూ మధ్యమధ్య తల అడ్డంగా ఊపుతున్నాడు. జవాబుపత్రాలు దిద్దేటప్పుడు నేనూ అచ్చం అలాగే ఊపుతాను కనుక, చనువుగా వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏమిట్రా అది?"

"లినక్సులో డిస్కుల్ని నడిపే డ్రైవరు, మామయ్యా. ఎవరో దాన్ని శుభ్రం చేసి పంపారు. సరిగ్గా ఉందో లేదో చూస్తున్నాను."

"శుభ్రం చేస్తే సరిగ్గా ఉండకేం?"

వాడు నవ్వి ఒక పంక్తి చూపించాడు. "కొన్ని రకాల డిస్కులకు ఒకేసారి నాలుగు పనులు అప్పజెబితే తికమకపడతాయి. అలాంటి వాటి జాబితా ఇది. తెలియనివాడికి చెత్తలా కనిపిస్తుంది. కొట్టేశామనుకో, ఎవరి పెళ్ళిఫొటోలో, ఎవరి కొట్టు పద్దులో పాడైపోవచ్చు. యంత్రం ఆగిపోతే మళ్ళీ నడపొచ్చు. డిస్కుమీద తప్పు రాసిందంటే, ఎన్నిసార్లు నడిపినా ఆ తప్పే చదువుతుంది."

2002లో ఐ.డి.ఇ. డిస్కుల డ్రైవరును బాగుచెయ్యాలని ఒకాయన వందకు పైగా సవరణలు పంపాడట. చివరికి ఆగస్టులో అవన్నీ తీసేసి, వెనకటి కూర్పులోని కోడునే మళ్ళీ తెచ్చి పెట్టుకున్నారట.

"అయితే పాతదాని జోలికి పోకూడదంటావు!"

"అలా అని కాదు. 2021లో ఆ పాత డ్రైవర్లను మొత్తంగా తీసేశారు. అప్పటికే వాటి పని చేసే కొత్తవి ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి. తీసెయ్యడం తప్పు కాదు. ఎందుకుందో తెలుసుకోకుండా తీసెయ్యడం తప్పు. చూశానని నా పేరు పెడితే, ఆ పూచీలో నాకూ వాటా ఉన్నట్టే."

నేను మాట్లాడలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుర్రవాడి వ్యాసంలో నేనెరగని మాటను ఎర్రసిరాతో కొట్టేసి, రెండు మార్కులు తగ్గించాను. చాలాకాలానికి ఆ మాట నిఘంటువులో కనిపించింది. వాళ్ళ ప్రాంతంలో శుభ్రంగా వాడుకలో ఉన్న మాటే. చెప్పుకుందామంటే కుర్రవాడు ఎక్కడున్నాడో తెలియదు.

మేనల్లుడు ఆ పంక్తి కింద ఒక్క ప్రశ్న రాసి పడుకున్నాడు: "ఇది మొదట ఎందుకు పెట్టారో కనుక్కున్నారా?"

మర్నాడు నేను దిద్దిన మొదటి పేపర్లోనే ఒక వింత మాట తగిలింది. కలం ఆపి, నిఘంటువు కోసం లేచాను.