ముప్పై ఏళ్ల నిల్ ఈసీ

హైదరాబాద్‌లో నాచారం పాత కాలనీల్లో ఏ ఇంటికి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, తీసినా కనిపించే కథ దాదాపు ఒక్కటే. మొదట సొసైటీ నుంచి ప్లాటు కొన్న సేల్ డీడ్. దాని తర్వాత ఇల్లు కట్టుకోవడానికి చేసిన అప్పు తాలూకు తనఖా, ఆ అప్పు తీరినట్టు ఒక కాగితం. ఇక అక్కడి నుంచి పాతికేళ్లు, ముప్పై ఏళ్లు ఏమీ ఉండదు. ఆపైన ఏడాది రెండేళ్లలో వరసబెట్టి పడతాయి. అక్కాచెల్లెళ్ల రిలీజ్ డీడ్, బిల్డర్‌తో డెవలప్‌మెంట్ అగ్రిమెంటు, తర్వాత ఫ్లాటుకొక సేల్ డీడ్. ఒక్క యజమాని ఉన్న నేల మీద ఇప్పుడు పది మంది యజమానులు.

నేను ఉప్పల్‌లో దస్తావేజులు రాస్తాను. మా నాన్నదీ ఇదే పని. ఆయన స్టాంపు పేపరు మీద చేత్తో రాసినవి ఇప్పుడు లింకు డాక్యుమెంట్లుగా నా బల్ల మీదికి వస్తుంటాయి. అక్షరం చూడగానే గుర్తుపడతాను. ఈమధ్య నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లు ఒక కొత్త సంగతి అడుగుతున్నారు. ఊరి శివార్లలో పెద్దవాళ్ల కోసమే కడుతున్న రిటైర్మెంట్ కమ్యూనిటీల్లో ఇల్లు కొనొచ్చా, కొంటే మళ్లీ అమ్ముడుపోతుందా అని. అక్కడ ఇళ్లు తొందర తొందరగా చేతులు మారతాయని ఎవరో చెప్పారట, దానికి జంకుతున్నారు. చేతులు మారడం చూసి నేను జంకను. మన కాలనీల్లో ఇల్లు మారాల్సిన వయసులో మారకపోవడమే నన్ను బాధపెడుతుంది. అమ్మాల్సిన మనిషి బతికుండగా అమ్మలేకపోతున్నారు. ఆయన పోయాక, ఆ ఇంట్లో ఎన్నడూ కాపురం చేయని వాళ్లు అమ్ముతున్నారు.

ఉప్పల్ రోడ్డు వెంట ఒకసారి చూడండి. 1961లో మొదలైన ఎన్‌జీఆర్‌ఐ, ఇప్పుడు ఐఐసీటీ అంటున్న పాత ఆర్ఆర్ఎల్, హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా. ఇటు నాచారం పారిశ్రామికవాడ, అటు లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, తార్నాక దాటితే యూనివర్సిటీ. వీటిలో పనిచేసిన వాళ్లు జీతం మీద ప్లాటు కొనుక్కున్నారు, పీఎఫ్ మీదా గ్రాట్యుటీ మీదా ఇల్లు కట్టుకున్నారు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రాష్ట్ర ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కి తగ్గించినప్పుడు, ఉన్నట్టుండి చేతికొచ్చిన ఆ డబ్బును ముందు ఇంటి మీదే పెట్టినవాళ్లను తాను చూశానని నాన్న చెప్పేవారు. రిటైర్మెంట్ కమ్యూనిటీ అనే మాట ఇక్కడికి చేరక ముందే మనవాళ్లు అలాంటి కాలనీలు కట్టుకున్నారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. సొసైటీ ప్లాట్లు ఒక్కసారే పంచుతుంది. తీసుకున్నవాళ్లంతా దాదాపు ఒకే వయసువాళ్లు. ఒకే పదేళ్లలో గృహప్రవేశాలు, ఒకే పదేళ్లలో పిల్లల పెళ్లిళ్లు. డెత్ సర్టిఫికెట్లు కూడా ఒకే పదేళ్లలో వస్తాయి. దాంతో ముప్పై ఏళ్లు కదలని వీధి, పదేళ్లు తిరిగేలోగా పూర్తిగా మారిపోతుంది. ఏటా ఒకటో రెండో ఇళ్లు చేతులు మారుతూ వచ్చిన వీధిలో అలా జరగదు. అక్కడ డెబ్బై దాటిన పెద్దాయన పక్కింట్లో స్కూలు ఆటో కోసం ఎదురుచూసే పిల్లలుంటారు. అసోసియేషన్ లెక్కలు రాయడానికి నలభై ఏళ్ల మనిషి దొరుకుతారు. అర్ధరాత్రి ఎవరికైనా బాగోలేకపోతే కారు తీసేవాళ్లుంటారు. మన కాలనీల్లో కొన్నిచోట్ల అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురూ ఎనభైకి దగ్గరపడ్డవాళ్లే. బోరు మోటారు కాలిపోతే ఫోన్ చేయాల్సిందీ, మెకానిక్ వెంట నిలబడాల్సిందీ వాళ్లే.

డాక్యుమెంటులో హద్దులు రాసే చోట ఈ మార్పు నాకు స్పష్టంగా తెలుస్తుంది. నాన్న రాసిన వాటిలో తూర్పున ఫలానా వారి ఇల్లు, పడమర ఫలానా వారి ఇల్లు అని మనుషుల పేర్లుండేవి. ఉత్తరాన రోడ్డు ఉంటే ఆ రోడ్డు వెడల్పు కూడా రాసేవారు. ఇప్పుడు నేను ప్లాటు నంబర్లు, అపార్ట్‌మెంట్ల పేర్లు రాస్తున్నాను. ఫ్లాటుకైతే తూర్పున కారిడార్, పడమర ఖాళీ స్థలం. చట్టం అడిగేది అంతే, తప్పేమీ లేదు. కానీ పాత కాగితం చదివితే ఆ వీధిలో ఎవరు ఎవరి పక్కన బతికారో తెలిసేది.

పోయినేడాది ఒక పెద్దాయన, ఆయన భార్య కలిసి వచ్చారు. ఆయన ఒక ప్రభుత్వ సంస్థలో రిటైరైన టెక్నీషియన్. నాచారంలో రెండు వందల గజాల్లో ఇల్లు. కింద అద్దెకిచ్చి పైన ఉంటున్నారు. ఆమెకు మోకాళ్లు అరిగిపోయాయి, మెట్లు దిగడం మానేసి చాలా కాలమైంది. కింది వాటా ఖాళీ చేయించి దిగుదామంటే ఆ అద్దెతోనే మందులు కొనాలి. "తల్లీ, ఇది అమ్మేసి ఇక్కడే ఎక్కడైనా లిఫ్టున్న రెండు గదుల ఫ్లాటు కొనుక్కుంటాం. మిగిలింది బ్యాంకులో వేసుకుంటాం. ఎంతవుతుందో చెప్పు" అన్నారు. ఊరు దాటి పోవడం వాళ్లకు ఇష్టం లేదు. ఆమె డాక్టరు ఇక్కడే, కూరగాయలు తెచ్చిచ్చే మనిషి ఇక్కడే, గుడి ఇక్కడే. శివార్లలో కట్టిన వృద్ధుల ఇళ్లు ఎంత బాగున్నా వాళ్లకు కావాల్సింది మాత్రం ఇక్కడే నాలుగు వీధుల అవతల ఒక లిఫ్టు.

లెక్క వేసి ఇచ్చాను. తెలంగాణలో 2021 జూలై 22 నుంచి స్టాంపు డ్యూటీ ఐదున్నర శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు అర శాతం, మొత్తం ఏడున్నర. అంతకు ముందు ఆరు శాతం ఉండేది. ఎనభై లక్షల ఫ్లాటు కొంటే ఆరు లక్షలు రిజిస్ట్రేషన్‌కే పోతాయి. అమ్మినందుకు ఒక బ్రోకరు, కొన్నందుకు ఇంకో బ్రోకరు. పాత ఇంటి మీద వచ్చిన లాభంలో కొత్త ఇంటికి పెట్టినంత మేరకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. మిగిలిన లాభం మీద పన్ను కట్టాలి. పెద్దాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆరు లక్షలంటే ఆమె మోకాలి ఆపరేషను అన్నారు. మళ్లీ రాలేదు. ఇప్పటికీ ఆ పై వాటాలోనే ఉన్నారని తెలుసు.

పిల్లల మాట కూడా ఉంటుంది. డాలస్ నుంచో సిడ్నీ నుంచో వీడియో కాల్‌లో "ఇప్పుడెందుకు నాన్నా అమ్మడం, రేటు ఇంకా పెరుగుతుంది" అంటారు. పెరుగుతున్న మాట నిజమే. 2017 నవంబరులో నాగోలు వరకు మెట్రో వచ్చింది, 2023లో ఉప్పల్ రింగురోడ్డు మీద స్కైవాక్ తెరిచారు. ఇలా ఒక్కోటీ వచ్చినప్పుడల్లా గజం ధర పైకి వెళ్లింది. పిల్లలు చెడ్డవాళ్లని నేననను. తాము పుట్టి పెరిగిన ఇల్లు అలాగే ఉండాలని వాళ్లకు ఉంటుంది. అయితే ఆ ధర పెరిగి డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి ఒరిగేది ఏమిటి? ఆయన గజాల్లో బతకడు, గదుల్లో బతుకుతాడు. ఇల్లు అమ్మకుండా దాని మీద బతికున్నన్నాళ్లూ డబ్బు తీసుకునే రివర్స్ మార్ట్‌గేజ్ పథకం 2007 నాటి కేంద్ర బడ్జెట్‌లోనే ప్రకటించారు. దాని కాగితాల కోసం నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలా అరుదు. తనఖా అనే మాట వినగానే పెద్దవాళ్లు లేచి వెళ్లిపోతారు.

అమ్మలేక చాలామంది చేసే పని ఇంకొకటి ఉంది, కొడుకు పేరు మీదో కూతురి పేరు మీదో గిఫ్ట్ డీడ్ రాసేయడం. కుటుంబంలో కాబట్టి డ్యూటీ తక్కువ. ఇక్కడ మాత్రం నేను గట్టిగా ఉంటాను. తల్లిదండ్రులను చివరిదాకా చూసుకోవాలి, వాళ్లకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఉంది అన్న షరతు లేకుండా నా చేత్తో రాయను. "మా అబ్బాయి మీద అనుమానమా" అని నొచ్చుకున్నవాళ్లున్నారు. తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకునే వీలు అందులోని 23వ సెక్షన్ ఇచ్చింది. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో గిఫ్ట్ డీడ్ రద్దు చేయడమే కాక ఇంటి స్వాధీనం కూడా ఆమెకు తిరిగి ఇప్పించింది. చూసుకోవాలన్న ఆ ఒక్క షరతు డాక్యుమెంటులో ఉంటే కలెక్టరాఫీసు చుట్టూ తిరిగే పెద్దవాళ్ల పని ఎంతో తేలికవుతుంది.

విల్లు రాయమన్నా వాయిదా వేస్తారు. విల్లుకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్టర్ చేయాలనే నియమం కూడా లేదు, ఇద్దరు సాక్షులు చాలు. అది లేక ఏం జరుగుతుందో నేను చూస్తూనే ఉన్నాను. పోయినాయన పేరు మీదే ఏళ్ల తరబడి ఆస్తి పన్ను రసీదు వస్తుంటుంది. తహసీల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, విదేశంలో ఉన్న కొడుకు అక్కడి కాన్సులేట్‌లో సంతకం చేసి పంపే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించుకునే పరుగు. అప్పటికి ఇంటి ముందు గేటు తుప్పు పట్టి ఉంటుంది. బేరమాడేది బిల్డరొక్కడే, ఎందుకంటే అంతమంది వారసులను కూర్చోబెట్టి ఒప్పించే ఓపిక కాపురం కోసం కొనేవాళ్లకు ఉండదు.

ఇక శివార్లలోని కొత్త కమ్యూనిటీల గురించి అడిగినవాళ్లకు నా జవాబు. అక్కడ ఇళ్లు చేతులు మారడం సహజం. అరవై ఐదేళ్లకో డెబ్బైకో వచ్చిన మనిషి ముప్పై ఏళ్లు ఉండలేరు కదా. మారే రోజున నియమం ఏమిటో సంతకానికి ముందే చూసుకోండి. అమెరికాలో 1995 నాటి చట్టం ప్రకారం యాభై ఐదేళ్లు పైబడినవారి కోసమని చెప్పుకునే చోట, నివాసమున్న ఇళ్లలో కనీసం ఎనభై శాతం ఇళ్లలో ఆ వయసువారు ఒక్కరైనా ఉండాలి. నలభై ఏళ్ల కొడుక్కి ఇల్లు వారసత్వంగా వచ్చినా అక్కడ కాపురం పెట్టడానికి కుదరకపోవచ్చు. న్యూజిలాండ్‌లో చాలాచోట్ల కొనేది ఇల్లు కాదు, ఉండే హక్కు మాత్రమే. ఖాళీ చేసినప్పుడు కట్టిన సొమ్ములో ఇరవై, ముప్పై శాతం దాకా నిర్వాహకులు మినహాయించుకుంటారు. మన కేంద్ర ప్రభుత్వం 2019లో రిటైర్మెంట్ హోమ్స్‌కు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది, అవి నమూనాలే. కాబట్టి మీ పేరుకు సేల్ డీడ్ ఇస్తారా, లీజు ఇస్తారా, తిరిగి అమ్మేటప్పుడు కంపెనీకి ఎంత కట్టాలి, ఏ వయసువాళ్లకు అమ్మొచ్చు అని అడగండి. నోటి మాట వద్దు, అగ్రిమెంటులో ఏ పేజీలో ఉందో చూపించమనండి.

కానీ ఉప్పల్, నాచారాల్లో ఉన్న పెద్దవాళ్లలో ఎక్కువమంది అక్కడికి పోరు. వాళ్ల కోసం ప్రభుత్వం చేయగల పని ఒకటుంది. అరవై ఐదేళ్లు దాటిన మనిషి తాను కాపురమున్న ఇల్లు అమ్మి, ఏడాదిలోగా అదే జిల్లాలో అంతకంటే తక్కువ ధరకు తానుండటానికి ఇంకో ఇల్లు కొంటే, కొన్న దాని మీద ఐదున్నర శాతం స్టాంపు డ్యూటీ మాఫీ చేయాలి, జీవితంలో ఒక్కసారికే. స్థానిక సంస్థలకు పోయే ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టించుకోవచ్చు. ఇంటి నుంచి ఇంటికి మారే మనిషికి ఆదాయపు పన్ను చట్టం మినహాయింపు ఇస్తున్నప్పుడు స్టాంపు చట్టం ఇవ్వకూడదా? ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పెన్షనర్ కార్డున్నవాళ్లు ఒక పరిమితి లోపు ధరకు ఇల్లు కొంటే డ్యూటీలో మినహాయింపు ఉంది.

ఖజానాకు నష్టమంటారేమో. ఆ పెద్దాయన ఇల్లు రెండు కోట్లకు పోతుందనుకుందాం. కొన్నవాళ్లు ఏడున్నర శాతం చొప్పున పదిహేను లక్షలు కడతారు. ఆయన ఎనభై లక్షల ఫ్లాటు మీద మాఫీ అయ్యేది నాలుగు లక్షల నలభై వేలు. ఆయన అమ్మకపోతే ఆ పదిహేను లక్షలు ఇప్పట్లో రావు. దుర్వినియోగం చేస్తారన్న అనుమానం ఉంటే అమ్మిన డాక్యుమెంటు నంబరు, కొన్న డాక్యుమెంటు నంబరు, ఆధార్‌లో పుట్టిన తేదీ, మూడూ సబ్ రిజిస్ట్రార్ ఎదుట కంప్యూటర్‌లోనే కనిపిస్తాయి. మార్కెట్ విలువలు సవరించినప్పుడల్లా జీవో ఇస్తూనే ఉన్నారు. వచ్చే జీవోలో ఈ నాలుగు వాక్యాలు చేరిస్తే, ఆ పై వాటాలో ఉన్న దంపతులకు నేనే ఫోన్ చేస్తాను.