గైడు పుస్తకం ఎవరి చేతిలో వుంది?

పట్టుచీర కొనడానికి వెళితే మనం ఏం చేస్తాం? అంచు చూస్తాం. పమిటచెంగు విప్పించి చూస్తాం. తిరగేసి వెనకవైపు దారాలెలా వున్నాయో చూస్తాం. దుకాణం గుమ్మంలోకి పట్టుకెళ్ళి ఎండలో రంగు చూస్తాం. నాలుగు కొట్లు తిరిగితే గానీ డబ్బు చేతిలోంచి వదలం. అలాంటి మనం, రెండు నెలలపాటు ఆరు దేశాలు తిరగబోతూ, దారి పొడుగునా చెయ్యి పట్టుకుని నడిపించవలసిన పుస్తకాన్ని మాత్రం ఎవరో తెచ్చి బల్లమీద పడేస్తే, అట్టమీద బొమ్మ చూసి "బాగుందండీ" అని వూరుకుంటాం. ఇదెక్కడి న్యాయం?

ఈ మధ్య మా బంధువుల్లో ఒక దంపతులు థాయిలాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా, మలేషియా, సింగపూర్ చుట్టి రావాలని సంకల్పించారు. ఆయన రిటైరయ్యారు. పిల్లలు స్థిరపడ్డారు. ఇన్నాళ్ళకి తీరిక దొరికింది. ఆయన ఇటుకంత గైడు పుస్తకం ఒకటి కొన్నారు. "నువ్వు చదివావా వదినా?" అని అడిగాను. "నాకెందుకమ్మా, అవన్నీ ఆయన చూసుకుంటారు" అంది.

నా ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళపాటు ఆ ఇంటి ప్రయాణాలన్నీ నడిపింది ఆవిడే! తిరుపతి వెళ్ళినా, కాశీ వెళ్ళినా, ఏ స్టేషన్లో పాలు దొరుకుతాయో, ఏ సత్రంలో నీళ్ళుంటాయో, మామగారి మందులు ఏ సంచిలో వున్నాయో, చంటిదానికి ఎన్నింటికి ఆకలేస్తుందో ఆవిడకే తెలుసు. మరి విమానం ఎక్కేసరికి ఆ తెలివంతా ఏమైనట్టు? సముద్రం దాటగానే ఆవిడ సామానుల్లో ఒక సామాను అయిపోవడమేనా?

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. పుస్తకం ఎవరు చదివితే ప్రయాణం వారిది. చదవనివారు వెంట నడిచేవారు. కాబట్టి ఆ పుస్తకాన్ని ఎంచుకోవడంలో ఆడదాని చెయ్యి వుండి తీరాలి.

గైడు పుస్తకాలు మగవాళ్ళ వ్యవహారం అనుకునేవారికి ఒక చిన్న చరిత్ర చెబుతాను. లండన్ ముర్రే కంపెనీవారి ప్రసిద్ధమైన హాండ్‌బుక్కుల వరస మొదలైంది 1836లో. దానికి ముందే, 1820లో, మేరియానా స్టార్క్ అనే ఇంగ్లీషు ఆవిడ ఐరోపా వెళ్ళేవారి కోసం రాసిన పుస్తకాన్ని ఆ ముర్రే కంపెనీయే అచ్చువేసింది. ఖర్చులెంతవుతాయి, పాస్‌పోర్టు సంగతేమిటి, పెట్టెలో ఏమేం సర్దుకోవాలి... అన్నీ రాసిందావిడ. చూడవలసిన బొమ్మల పక్కన ఆశ్చర్యార్థకాలు పెట్టింది. బొమ్మ ఎంత గొప్పదైతే అన్ని ఎక్కువ! ఇవాళ గైడు పుస్తకాల్లో మెరిసే నక్షత్రాలకి అమ్మమ్మలు ఆ ఆశ్చర్యార్థకాలే. ఇక 1973లో లోన్లీ ప్లానెట్ వారి మొదటి పుస్తకాన్ని తయారుచేసిన దంపతుల్లో సగం మౌరీన్ వీలర్ అనే యువతి. ఆ పుస్తకం పుట్టింది కూడా వంటింటి బల్ల మీదే. ఆడవాళ్ళు రాసి చూపించిన విద్య ఇది. చదవడానికి మనకేం అడ్డం?

సరే, ఎలా ఎంచాలి? చీరని తిరగేసినట్టే పుస్తకాన్నీ తిరగెయ్యండి. మొదట చూడవలసింది బొమ్మలు కాదు, అచ్చయిన సంవత్సరం. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత గైడు పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి. చవకే, కాని ఎవరికి చవక? 2018 నాటి పుస్తకం పట్టుకుని బాంకాక్‌లో దూరపు రైలెక్కాలంటే, అది మిమ్మల్ని సామానుతో సహా హువా లంఫోంగ్ స్టేషనుకి తీసుకెళుతుంది. 2023 జనవరి నుంచి దూరప్రయాణాల రైళ్ళు చాలావరకు వేరే కొత్త స్టేషనుకి మారిపోయాయి. లావోస్‌లో వియంటియాన్ నుంచి లువాంగ్ ప్రబాంగ్ వెళ్ళాలంటే రోజంతా ఘాట్ రోడ్డు మీద బస్సులో కుదుళ్ళు తినాలని అదే పుస్తకం చెబుతుంది. 2021 డిసెంబరులో అక్కడ రైలు వచ్చింది. ఇప్పుడది సుమారు రెండు గంటల ప్రయాణం. అంకోర్ దేవాలయాలకి ఒకరోజు టిక్కెట్టు 20 డాలర్లని ఇంకా పాత పుస్తకం రాస్తే, 2017 ఫిబ్రవరిలో అది 37 డాలర్లయిందని కౌంటరు దగ్గర తెలుస్తుంది. పైగా అచ్చయిన సంవత్సరంలోనే రాసినవారు తిరిగారనుకోకండి. వారు తిరిగింది అంతకు ముందే.

పుస్తకాన్ని సరస్వతిగా చూడటం మన అలవాటు. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. మంచి అలవాటే. కాని గైడు పుస్తకం భాగవతం కాదు, పంచాంగం. ఉగాది వస్తే పాత పంచాంగం చూసి ఎవరైనా ముహూర్తం పెడతారా? అలాగే వీసా నిబంధనలు ఎంత కొత్త పుస్తకంలో వున్నా నమ్మొద్దు. అవి ఆయా దేశాల ఎంబసీల దగ్గరే కనుక్కోవాలి.

రెండవది, ఈ పుస్తకం ఎవరికోసం రాశారో చూడండి. ఇక్కడే నాకు అసలైన పేచీ. ఈ పుస్తకాల్లో చాలావాటి కళ్ళముందున్న పాఠకుడు ఇరవై నాలుగేళ్ళ తెల్ల కుర్రాడు. వీపున మూట, మోకాళ్ళలో బలం. ఆ కుర్రాడికి రాముడెవరో తెలియదు గనక, బాంకాక్ మరకత బుద్ధుడి ఆలయంలోని 178 రామాయణ చిత్రాల దగ్గరకొచ్చేసరికి సీతాపహరణం ఆసాంతం చెప్పుకొస్తారు. అంకోర్ వాట్‌లో క్షీరసాగరమథనం చెక్కడం దగ్గర విష్ణువెవరో వివరిస్తారు. మనకి కావలసింది అదా? మనకి రాముడు తెలుసు. తెలియంది చేపల సాస్!

ఆ సంగతి చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. థాయిలాండ్‌లో 'నామ్ ప్లా' అనే చేపల రసం పడని వంట తక్కువ. ఉత్త కూరగాయల వేపుడులోనూ అదే. మాంసం వద్దంటే ముక్కలు తీసేస్తారు, రసం వుంటుంది. అక్కడ అడగవలసిన మాట 'జే'. పసుపుపచ్చ బోర్డుమీద ఎర్రక్షరాలతో ఆ మాట కనిపించిన కొట్లో మాంసం, చేప, గుడ్డు వుండవు. చివరికి ఉల్లి, వెల్లుల్లి కూడా వుండవు! మన ఏకాదశి ఉపవాసపు బామ్మగారికి కూడా ఆక్షేపణ వుండదు. వియత్నాంలో అదే మాట 'చాయ్'. టీ అడిగామనుకునేరు, శాకాహారం అని దానర్థం. అమావాస్యకీ పౌర్ణమికీ అక్కడ ఎంతోమంది చాయ్ భోజనమే చేస్తారు, మన కార్తీక సోమవారాల్లాగ. ఈ రెండు మాటలు వందడాలర్ల హోటళ్ళ జాబితా కన్నా విలువైనవి. మాంసం తినేవారికీ పళ్ళెంలో వున్నది ఏ మాంసమో తెలియాలి కదా! కొనేముందు భోజనాల పేజీ తెరవండి. ఈ మాటలు లేని పుస్తకాన్ని మర్యాదగా బల్లమీద పెట్టి బయటికి రండి.

భోజనం తరవాత మెట్లు. అంకోర్ వాట్‌లో సూర్యోదయం ఎంత అందంగా వుంటుందో ప్రతి పుస్తకమూ చెబుతుంది. పై అంతస్తుకి వెళ్ళే మెట్లు నిట్టనిలువుగా వుంటాయనీ, భుజాలూ మోకాళ్ళూ కప్పుకోకపోతే పైకి పంపరనీ చెప్పిన పుస్తకమే పుస్తకం. రెండో నిబంధన మన చీరకి అక్కర్లేదనుకోండి. మొదటిది మాత్రం యాభై ఏళ్ళు దాటిన మోకాళ్ళకి చాలా అవసరం. రాత్రి బస్సు ఎక్కడ ఆగుతుంది, బాత్‌రూం వుంటుందా, ఆడవాళ్ళు ఒంటరిగా దిగితే ఆ వీధి ఎలాంటిది... వీటిని "చిన్న విషయాలు" అనేవారు ఎన్నడూ రాత్రి బస్సులో ఆడదానిగా ప్రయాణం చెయ్యలేదన్నమాట.

మూడవది, లావు. ఆగ్నేయాసియా దేశాలు పదకొండు. వెయ్యి పేజీల పుస్తకంలో పదకొండిటినీ కుక్కితే దేశానికి తొంభై పేజీలు. అందులో హోటళ్ళూ పటాలూ పోగా మిగిలేదెంత? అయినా ఈ లావుపాటి పుస్తకాలు పూర్తిగా దండగ అనను. ఏ దేశం తరవాత ఏ దేశం, సరిహద్దు ఎక్కడ దాటాలి, పడవా రైలా అనేది తేల్చుకోవడానికి ఇంట్లో కూర్చున్నప్పుడు అలాంటిదే కావాలి. కాని దాన్ని మోయకండి. ఎక్కువ రోజులుండే దేశానికి విడిగా సన్నటి పుస్తకం కొనండి. నాలుగు రోజులుండే దేశాలకి లావు పుస్తకంలోంచి ఆ అధ్యాయాన్ని బ్లేడుతో కోసి, సూదీ దారంతో కుట్టుకోండి. అయ్యో పుస్తకం కొయ్యడమా అంటారేమో. ఇందాకే చెప్పాను, అది పంచాంగం!

"ఇవన్నీ ఎందుకండీ, ఫోన్లో అన్నీ వున్నాయిగా" అనేవారున్నారు. వున్నాయి. పడవ వేళలూ, గది అద్దెలూ, వానొస్తుందా రాదా అన్నది ఫోనే చెప్పాలి. కాని మనం అడిగినదానికే ఫోను జవాబు చెబుతుంది. అడగాలని మనకి తోచనిదాన్ని పుస్తకం చెబుతుంది. లావోస్‌లో హువే సాయ్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కి మెకాంగ్ నది మీద రెండు రోజుల పడవ ప్రయాణం వుందనీ, రాత్రి పాక్‌బెంగ్ అనే చిన్న వూళ్ళో ఆగుతారనీ తెలియనివాళ్ళు దాని గురించి ఏమని అడుగుతారు? అదీగాక ఇంకో మాట. చాలా ఇళ్ళలో ప్రయాణం కుదిర్చే ఫోను ఆయన జేబులో వుంటుంది. పుస్తకం అయితే బల్లమీద వుంటుంది. ఎవరైనా తియ్యొచ్చు, పెన్సిలు గీతలు పెట్టొచ్చు, పోట్లాడుకోవచ్చు.

గుంపుతో టూర్ కంపెనీలో వెళ్ళేవారికి పుస్తకం అక్కర్లేదంటారా? వారికి మరీ అవసరం. పులిహోర పెడుతున్నారు కదా అని కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే, బస్సు ఆగిన చోటే లోకం. ఆగకుండా దాటేసిన చోటేమిటో అడగాలంటే చదివి వుండాలి.

చివరగా, వెళ్ళివచ్చినవారిమీద నాకో ఫిర్యాదు వుంది. మనవాళ్ళ యాత్రా వ్యాసాల్లో సూర్యాస్తమయాలుంటాయి, మెట్ల లెక్క వుండదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, ఏ మజిలీకి ఎంత దూరం, ఏ వూళ్ళో అంగళ్ళున్నాయి, నీళ్ళెలా వుంటాయని వూరూరా రాశారు. 1838లో అచ్చయిన ఆ 'కాశీయాత్ర చరిత్ర' వెనక వచ్చే యాత్రికులకి చెయ్యందించడం కోసమే కాదూ? మనకోసం రాసిన పుస్తకం బజార్లో లేదని ఏడ్చే బదులు, తిరిగొచ్చిన ప్రతి ఇల్లాలూ నాలుగు పేజీలు అలా రాసి పక్కింటావిడకి ఇస్తే చాలు.

ఈలోగా ప్రయాణం పెట్టుకున్నవారికి ఒకటే మనవి. టిక్కెట్లు కొనకముందే పుస్తకాల షాపుకి ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఆయన పటాలు చూస్తుంటే మీరు భోజనాల పేజీ చూడండి. తరవాత చేతులు మార్చుకోండి. ఇంటికి తెచ్చాక మొదటి గీత మీరు పెట్టండి.